మునివేళ్ల మీద డిగ్రీ చదువు



బ్యాలే లోకంలో వయసు లెక్క చాలా కఠినం. ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో సాధన మొదలుపెట్టాలి. పాదంలో ఎముకలూ కండరాలూ తగినంత గట్టిపడ్డాక, పదకొండు పన్నెండేళ్ల ప్రాంతంలో, ఆడపిల్లల కాలికి మునివేళ్ల మీద నిలిచేందుకు వేసుకునే పాయింట్ షూ ఎక్కుతుంది. పదిహేడూ పద్దెనిమిదీ వచ్చేసరికి ఏదో ఒక బ్యాలే కంపెనీలో బృంద నర్తకిగా చోటు దొరకాలి. నలభై దగ్గరపడితే వేదిక దిగే రోజూ దగ్గరపడినట్టే. పారిస్ ఒపేరా బ్యాలేలో 42 ఏళ్లకు పదవీ విరమణ అని నిబంధనే ఉంది. మిగతా పిల్లలు ఇంటర్ పాసై ఏ కాలేజీలో చేరాలా అని ఆలోచించే వయసుకు ఇక్కడ ఉద్యోగం మొదలవుతుంది. మిగతావాళ్లు ఉద్యోగంలో పైకి వచ్చే వయసుకు ఇక్కడ అది ముగిసిపోతుంది.

మరి ఇందులో నాలుగేళ్ల డిగ్రీ ఎక్కడ ఇముడుతుంది?

యూరప్‌లో చాలాకాలం ఎవరూ ఈ ప్రశ్న వేసుకోలేదు. 1661లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ పారిస్‌లో నృత్య అకాడమీ స్థాపించాడు. పాదాలకు అయిదు స్థానాలు నిర్ణయించింది ఆ ఆస్థానంలోని నృత్యాచార్యుడు పియేర్ బోషాన్ అని చెబుతారు. ఈనాటికీ బ్యాలే క్లాసు ఆ స్థానాలతోనే మొదలవుతుంది. పారిస్‌లోనూ, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ, కోపెన్‌హాగన్‌లోనూ పద్ధతి ఒకటే. రంగశాలకు అనుబంధంగా ఒక బడి ఉంటుంది. పిల్లలు అక్కడే చేరతారు, అక్కడే పెరుగుతారు, అక్కడే కొలువు చేస్తారు. విశ్వవిద్యాలయం అదే ఊళ్లో ఉన్నా దానికీ దీనికీ రాకపోకలు ఉండేవి కావు.

అమెరికాలో అలా జరగలేదు. అక్కడ రాజాస్థానాలు లేవు, ప్రభుత్వం నడిపే రంగశాలలు లేవు. ఉన్నవి కాలేజీలు. ఎడారి అంచుల్లో, పచ్చిక మైదానాల మధ్యలో, చిన్న చిన్న పట్నాల్లో కూడా కాలేజీలున్నాయి. బ్యాలే ఆ కాలేజీల్లోకి వెళ్లింది. వెళ్లి తానూ కొంత మారింది, వాటినీ కొంత మార్చింది.

అయితే యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటి నృత్యం బ్యాలే కాదు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో మార్గరెట్ డోబ్లర్ అనే అధ్యాపకురాలు ఉండేది. ఆమె నర్తకి కాదు. జీవశాస్త్రం చదివి, అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పే వ్యాయామ ఉపాధ్యాయిని. పై చదువుకు న్యూయార్క్ వెళ్లినప్పుడు, కాలేజీ అమ్మాయిలకు నేర్పదగిన నృత్యం ఏదైనా ఉందేమో చూసి రమ్మని ఆమె పైఅధికారి చెప్పింది. అక్కడి స్టూడియోల్లో చూసినవేవీ డోబ్లర్‌కు నచ్చలేదు. టీచర్ చేసి చూపిస్తే పిల్లలు అలాగే చేయడం చదువెలా అవుతుందని ఆమె సందేహం. 1917లో తిరిగొచ్చి తన పద్ధతి తనే తయారుచేసుకుంది. విద్యార్థినులను నేల మీద పడుకోబెట్టి, శరీర బరువు కాళ్ల మీద లేనప్పుడు కీళ్లు ఎటెటు కదులుతాయో గమనించమనేది. క్లాసులో ఒక అస్థిపంజరాన్ని పెట్టుకుని పాఠం చెప్పేది. 1926లో ఆ యూనివర్సిటీ నృత్యాన్ని ముఖ్యాంశంగా డిగ్రీ కోర్సు ప్రారంభించింది. అమెరికాలో నృత్యానికి అదే మొదటి డిగ్రీ.

ఈ వాతావరణంలో బ్యాలేను ఎవరూ ఆదరించలేదంటే ఆశ్చర్యం లేదు. నృత్యం కాలేజీలోకి వ్యాయామ విద్య తలుపు గుండా వచ్చింది. ఆ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు కోరింది స్వేచ్ఛ, సృజన, ఆలోచన. బ్యాలే అడిగేది విధేయత. మోకాలు ఇలాగే ఉండాలి, మెడ ఇంతే తిరగాలి, వేలు ఇక్కడే ఆగాలి అంటుంది. పైగా అది బయట ప్రైవేటు స్టూడియోల్లో చిన్నపిల్లలు నేర్చుకునే విద్య. పద్దెనిమిదేళ్లకు మొదలుపెడితే పట్టుబడేది కాదు. కాబట్టి 1930లలో, 40లలో అమెరికన్ కాలేజీల్లో నృత్యం అంటే మోడరన్ డ్యాన్స్ అనే అర్థం స్థిరపడిపోయింది.

ఆ పరిస్థితిని మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవలసిన పేరు విల్లమ్ క్రిస్టెన్సెన్.

1902లో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ సిటీలో పుట్టాడు. తాత డెన్మార్క్ నుంచి వలస వచ్చిన మోర్మన్. ఇంట్లో అందరూ సంగీతమో నృత్యమో నేర్పేవాళ్లే. యూటా గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రాష్ట్రాన్ని నిర్మించిన మోర్మన్ మతస్థులు కట్టుబాట్లకు పెట్టింది పేరు. అయినా వాళ్లు నృత్యాన్ని పాపమనలేదు. వాళ్ల నాయకుడు బ్రిగమ్ యంగ్ నాట్యాన్నీ నాటకాన్నీ ప్రోత్సహించాడు. సాల్ట్ లేక్ సిటీలో 1862కే పెద్ద నాటకశాల వెలిసింది. అప్పటికి అమెరికాలో ఎక్కడా లేని బ్యాలే విభాగం ఆ కొండల మధ్య ఎందుకు పుట్టిందని అడిగేవాళ్లకు సగం జవాబు ఇక్కడుంది.

విల్లమ్ తన తమ్ముడు లూతో కలిసి యవ్వనంలో కొన్నేళ్లు వాడెవిల్ వేదికల మీద గడిపాడు. గారడీలు, హాస్యగాళ్లు, పాటగాళ్ల మధ్య బ్యాలే ముక్కలు ప్రదర్శిస్తూ ఊరూరా తిరగడమన్నమాట. 1932లో ఆ జీవితం వదిలి ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో బడి పెట్టాడు. 1938 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలేకు సారథి అయ్యాడు. 1939లో కొపేలియా, 1940లో స్వాన్ లేక్ పూర్తి నిడివిలో రంగం మీదికి తెచ్చాడు. 1944 క్రిస్మస్‌కు ముందు రాత్రి, చైకోవ్‌స్కీ సంగీతం అందించిన నట్‌క్రాకర్‌ను పూర్తిగా ప్రదర్శించాడు. ఒక అమెరికన్ బృందం దాన్ని అలా ఆడడం అదే మొదటిసారి. యుద్ధకాలం, బట్టకు కరువు. దుస్తుల ఖర్చుకు వెయ్యి డాలర్లు ఇచ్చారు. ఒక పాత థియేటర్ తెరను పది డాలర్లకు కొని, ఆ ఎర్ర మఖమలుతో మొదటి అంకం దుస్తులు కుట్టారు. ఇవాళ డిసెంబరు వస్తే అమెరికాలో నట్‌క్రాకర్ ఆడని పెద్ద ఊరంటూ ఉండదు. చాలా కంపెనీలకు ఏడాది ఆదాయంలో పెద్ద వాటా ఆ ఒక్క ప్రదర్శన నుంచే వస్తుంది.

అంత పేరు వచ్చాక ఆయన 1951లో శాన్‌ఫ్రాన్సిస్కోను తమ్ముడు లూ చేతికి అప్పగించి సొంత రాష్ట్రానికి వెళ్లిపోయాడు. యూటా యూనివర్సిటీలో బ్యాలే విభాగం ప్రారంభించాడు. డిగ్రీ మాటకొస్తే టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ 1949లోనే బ్యాలేలో డిగ్రీ పెట్టింది. కానీ బ్యాలే కోసమే ఒక విభాగం అంటూ మొదట ఏర్పడింది యూటాలోనే. రంగస్థలాన్నీ ప్రేక్షకులనూ వదిలి నలభై తొమ్మిదేళ్ల మనిషి యూనివర్సిటీకి రావడం చిన్న నిర్ణయం కాదు. ఆయన వెతుకుతున్నది నాలుగు గోడల తరగతి గది కాదు. ఒక కంపెనీని మొలకెత్తించగల నేల.

విద్యార్థులు ఆయన్ను మిస్టర్ సి అని పిలిచేవాళ్లు. ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. పడమటి రాష్ట్రాల కుర్రాళ్లలో ఉన్న చురుకు, దూకుడు బ్యాలేకు కొత్త బలం ఇస్తాయని. మాంటానా నుంచి మైకెల్ స్మూయిన్, ఐడహో నుంచి కెంట్ స్టొవెల్ ఆయన దగ్గరికి వచ్చి చేరారు. ఇద్దరూ ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలేలో నర్తించారు. స్మూయిన్ అదే కంపెనీకి సహ దర్శకుడయ్యాడు. బ్రాడ్‌వేలో ఎనీథింగ్ గోస్ నాటకానికి నృత్య దర్శకత్వం చేసి 1988లో టోనీ అవార్డు అందుకున్నాడు. స్టొవెల్ 1977లో భార్య ఫ్రాన్సియా రస్సెల్‌తో కలిసి సియాటిల్‌లోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ బ్యాలే బాధ్యత తీసుకుని దాన్ని దేశంలోని అగ్రశ్రేణి కంపెనీల్లో ఒకటిగా నిలబెట్టాడు. స్టొవెల్ నిలబెట్టిన ఆ సియాటిల్ కంపెనీ పేరు శ్రోతలు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

1955లో యూటా యూనివర్సిటీ ప్రాంగణంలోని కింగ్స్‌బరీ హాల్‌లో క్రిస్టెన్సెన్ తన నట్‌క్రాకర్‌ను ఆడించాడు. విద్యార్థులు, ఊళ్లోని పిల్లలు, యూటా సింఫనీ వాద్యబృందం అందరూ అందులో ఉన్నారు. 1963లో ఈ నీడలోనే యూటా సివిక్ బ్యాలే పుట్టింది. తర్వాత అదే బ్యాలే వెస్ట్ అయింది. ఆ ఏడాది డిసెంబరులో ఫోర్డ్ ఫౌండేషన్ అమెరికన్ బ్యాలేకు 77 లక్షల డాలర్లకు పైగా గ్రాంటు ప్రకటించింది. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్ వంటి మహానగరాల సరసన యూటా పేరు కూడా ఆ జాబితాలో ఉంది. మోడరన్ డ్యాన్స్‌కు మాత్రం ఒక్క డాలరూ రాలేదు. కాలేజీల్లో దశాబ్దాలపాటు నృత్యానికి అండగా నిలిచిన వాళ్లకు అది అన్యాయంగా తోచింది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. చాలాకాలం యూటాలో బ్యాలే, మోడరన్ డ్యాన్స్ వేర్వేరు విభాగాలుగానే నడిచాయి. 2016లో గాని రెండూ కలిసి ఒకే స్కూల్ ఆఫ్ డ్యాన్స్ కాలేదు.

ఇప్పుడు లోపలికి వెళ్లి చూద్దాం. అక్కడ చదువు ఎలా ఉంటుంది?

సీటు మార్కులతో రాదు. ఆడిషన్ ఉంటుంది. కొత్తవాళ్లను చేర్చుకుని అక్షరాభ్యాసం చేయించే చోటు కాదది. అప్పటికే పదేళ్లు సాధన చేసినవాళ్లు పోటీపడతారు. చేరాక రోజూ ఉదయం గంటన్నర టెక్నిక్ క్లాసు. గోడ వెంట బిగించిన కర్ర పట్టీ ఉంటుంది, దాన్ని బార్ అంటారు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని మోకాళ్లు మడిచే ప్లియేతో మొదలుపెడతారు. తర్వాత పాదాన్ని నేల మీద సాగదీసే తాందు, కాలితో అర్ధవృత్తం గీసే రోన్ ద జాంబ్, కాలిని ఎత్తుకు విసిరే గ్రాన్ బాత్‌మాన్. ఏ దేశంలో ఏ క్లాసుకు వెళ్లినా ఈ ఫ్రెంచి పేర్లే, ఇంచుమించు ఇదే వరస. అరగంటో ముప్పావుగంటో గడిచాక కర్ర వదిలి గది మధ్యలోకి వస్తారు. నెమ్మది కదలికలు, గిరికీలు, చిన్న గెంతులు, పెద్ద దూకుళ్లు వరసగా సాగుతాయి. చివర టీచర్‌కూ పియానో వాయించినవారికీ వంగి నమస్కరిస్తారు. మధ్యాహ్నం పాయింట్ క్లాసు, జంట నృత్యం, రిహార్సల్. వీటి నడుమ మిగతా డిగ్రీ విద్యార్థుల్లాగే ఇంగ్లీషు, గణితం, చరిత్ర.

ఆ పియానో గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడం తప్పు. మంచి విభాగాల్లో రికార్డు పాటలు పెట్టి క్లాసు నడపరు. మనిషి కూర్చుని వాయిస్తాడు. టీచర్ రెండు మాటల్లో అభ్యాసం చెప్పగానే, దానికి వాల్ట్జ్ సరిపోతుందో మార్చ్ సరిపోతుందో గ్రహించి, ఎనిమిదేసి లెక్కల్లో అప్పటికప్పుడు అల్లుకుపోవాలి. నర్తకి కాలు గాలిలో ఎంతసేపు నిలుస్తుందో చూస్తూ చేయి కదపాలి. నట్టువాంగం తెలిసినవాళ్లకు ఈ విద్య విలువ వేరే చెప్పక్కర్లేదు. నృత్య విభాగాలు పోషించిన వృత్తుల్లో ఇదొకటి.

పాయింట్ షూలో ఇనుమో చెక్కో ఉంటుందని చాలామంది అనుకుంటారు. సంప్రదాయ షూలో వేళ్ల దగ్గర ఉండేది పొరలు పొరలుగా గుడ్డ, కాగితం, జిగురు. ఆ జిగురు గట్టిపడి వేళ్ల చుట్టూ చిన్న పెట్టెలా తయారవుతుంది. చెమటకు, బరువుకు అది మెత్తబడితే షూ పనికిరాదు. పెద్ద కంపెనీల్లో ప్రధాన నర్తకి ఒక్క రాత్రి ప్రదర్శనలోనే ఒక జత అరగదీయగలదు. కంపెనీ అయితే కొనిస్తుంది. విద్యార్థిని సొంత డబ్బుతో కొనుక్కోవాలి, జత సుమారు వంద డాలర్లు. రిబ్బన్లూ తనే కుట్టుకోవాలి. డిగ్రీ ఫీజులకు ఇది అదనం. బ్యాలే డబ్బున్న ఇళ్ల పిల్లల విద్యగా మిగిలిపోవడానికి ఉన్న కారణాల్లో ఈ షూ ఒకటి. యూనివర్సిటీ స్కాలర్‌షిప్పులు ఆ గోడను కొంత తగ్గించాయి గాని కూల్చలేదు.

ప్రైవేటు స్టూడియోలో దొరకనిదీ యూనివర్సిటీలో మాత్రమే దొరికేదీ ఏమిటంటే, ముందుగా శరీరశాస్త్రం పాఠాన్ని చూపించాలి.

బ్యాలేకు మూలం టర్నౌట్. అంటే రెండు కాళ్లనూ తుంటి దగ్గర నుంచి పక్కలకు తిప్పి నిలబడడం. రెండు పాదాలూ ఒకే గీత మీద, మడమలు ఆనుకుని, వేళ్లు చెరో దిక్కుకూ చూస్తుంటే అది పరిపూర్ణం అంటారు. పిల్లలు అద్దంలో చూసుకుంటూ దానికోసం తపిస్తారు. అయితే తుంటి కీలు ఎంత తిరుగుతుందన్నది తొడ ఎముక మెడ ఏ కోణంలో ఉందో, ఆ ఎముక గుండు కూర్చునే గుంట ఎంత లోతుందో, ముందువైపు బంధనం ఎంత బిగువుగా ఉందో, వీటి మీద ఆధారపడి ఉంటుంది. ఎముక ఎదుగుదల పూర్తయ్యాక దీన్ని మార్చడం ఎవరి తరమూ కాదు. పూర్తి నూట ఎనభై డిగ్రీలూ తుంటి నుంచే తిప్పగలిగేవాళ్లు చాలా అరుదు. మిగతావాళ్లు ఏం చేస్తారు? నేలను పాదాలతో గట్టిగా పట్టి మోకాళ్లను మెలిపెడతారు, అరికాలి వంపును లోపలికి పడేస్తారు. చూడడానికి గీత సరిగ్గానే ఉంటుంది. కొన్నేళ్లకు మోకాలు మొరాయిస్తుంది.

యూనివర్సిటీ క్లాసులో అస్థిపంజరం ముందు నిలబడ్డ విద్యార్థినికి తన తుంటి హద్దు ఎంతో, దాన్ని ఏ కండరాలతో నిలబెట్టుకోవాలో తెలుస్తుంది. ఏళ్ల తరబడి తన బద్ధకం అనుకున్నది తన ఎముక ఆకృతి అని తెలుసుకోవడం ఎంత పెద్ద విముక్తి! మునివేళ్ల మీద నిలిచే వాళ్లలో చీలమండ వెనక నుంచి బొటనవేలికి పోయే స్నాయువు ఎందుకు వాస్తుందో, పాదంలో రెండో వేలి వెనక ఎముకకే సన్నని చీలిక ఎందుకు వస్తుందో కూడా అక్కడే నేర్చుకుంటారు. 1990లో నృత్య వైద్యానికి ప్రత్యేకంగా ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. వైద్యులు, అధ్యాపకులు, నర్తకులు ఒకే బల్ల దగ్గర కూర్చునే రోజు అలా వచ్చింది.

ఈ పాఠం తెలుగు నేలకు పరాయిది కాదు. కూచిపూడి నేర్చుకునే పిల్ల అరమండిలో కూర్చున్నప్పుడు మోకాళ్లు పాదాల దిక్కునే చూడాలని గురువు చెబుతారు. కారణం అదే తుంటి, అదే మోకాలు. తండ్రి నుంచి కొడుక్కు అగ్రహారంలో సాగిన కూచిపూడి విద్య కూడా యూనివర్సిటీ మెట్లెక్కింది. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ, 1988లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూల్‌లోనూ దానికి చోటు దొరికింది. యూటాలో వచ్చిన ప్రశ్నలే ఇక్కడా వచ్చాయి. గురువు ముందు కూర్చుని నేర్చేదాన్ని సెమిస్టర్లుగా ఎలా కోస్తారు? అభినయానికి మార్కులెలా వేస్తారు?

మార్కుల ప్రశ్న తేలికైనది కాదు. పుట్టుకతో అరికాలి వంపు ఎత్తుగా, తుంటి వదులుగా ఉన్న అమ్మాయికి తాందు అందంగా వస్తుంది. అవేవీ లేని అమ్మాయి మూడింతలు కష్టపడుతుంది. ఇద్దరికీ ఒకే కొలబద్ద పెడితే మార్కులు ఎముకలకు వేసినట్టవుతుంది. అసలు కొలబద్దే వద్దంటే అది వృత్తివిద్య కాకుండా పోతుంది. మంచి అధ్యాపకులు సెమిస్టరు మొదట్లో ఎక్కడుందో, చివర ఎక్కడికి వచ్చిందో చూసి వేస్తారు, హాజరును కచ్చితంగా లెక్కిస్తారు. సరైన దారి అదే అనిపిస్తుంది. శరీరం బరువు మాట ఇంకా సున్నితం. జెల్సీ కర్క్‌లాండ్ 1986లో అచ్చువేసిన ఆత్మకథ, సన్నబడాలన్న ఒత్తిడి గొప్ప నర్తకిని సైతం ఎలా నలిపేసిందో లోకానికి చెప్పింది. కాలేజీలో ఆ ఒత్తిడి మాయమైపోదు. కానీ అక్కడ డాక్టరు ఉంటారు, మనసు విప్పి చెప్పుకోవడానికి కౌన్సిలర్ ఉంటారు, అన్నిటికంటే ముఖ్యంగా బ్యాలేతో సంబంధం లేని స్నేహితులు ఉంటారు.

యూటా ఒక్కటే ఉదాహరణ కాదు. ఓక్లహామా కథ అంతకంటే హృద్యమైనది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ రాష్ట్రం నుంచి ఆదివాసీ మూలాలున్న అయిదుగురు మహా నర్తకీమణులు వచ్చారు. మరియా టాల్‌చీఫ్, ఆమె చెల్లెలు మార్జరీ, రొజెల్లా హైటవర్, మాస్కలిన్ లార్కిన్, ఇవాన్ షూటో. షూటో 1943లో పద్నాలుగేళ్ల వయసులో బ్యాలే రూస్ ద మాంటె కార్లోలో చేరింది. కాలేజీ చదువుకు ఆమెకు వ్యవధే లేదు. ఆ అమ్మాయే 1961లో, ఉరుగ్వే నుంచి వచ్చిన నర్తకుడైన భర్త మిగేల్ తెరెఖోవ్‌తో కలిసి, ఓక్లహామా యూనివర్సిటీలో నృత్య విద్యాలయానికి పునాది వేసింది. తనకు దక్కని డిగ్రీని ఇతరుల కోసం నిర్మించడం సామాన్యమైన పని కాదు. 1967లో ఓక్లహామా రాష్ట్రం ఏర్పడి అరవయ్యేళ్లయిన సందర్భంగా ఫోర్ మూన్స్ అనే బ్యాలే ప్రదర్శించారు. సంగీతం లూయీ బాలర్డ్ అనే ఆదివాసీ స్వరకర్తది. అయిదుగురిలో నలుగురు, షూటోతో సహా, తమ తమ తెగల గాథలను నర్తించారు. రష్యన్ రాజాస్థానాల్లో పెరిగిన కళ ఆ మైదానాల్లో ఎవరి గొంతుతో మాట్లాడగలదో ఆ రాత్రి చూపింది.

అయినా ఎదుటివారి వాదన కూడా వినాలి. ఇరవై రెండేళ్లకు పట్టా చేతబట్టుకుని వచ్చేసరికి ఆలస్యమైపోతుందని కంపెనీల వాళ్లు చాలామంది ఇప్పటికీ అంటారు. అందులో నిజముంది. న్యూయార్క్ సిటీ బ్యాలే తన నర్తకుల్లో అత్యధికులను 1934లో మొదలైన స్కూల్ ఆఫ్ అమెరికన్ బ్యాలే నుంచే తీసుకుంటుంది. లండన్‌లో రాయల్ బ్యాలే స్కూల్‌దీ అదే పాత్ర. డిగ్రీ చదివినవాళ్లు ఎక్కువగా ప్రాంతీయ కంపెనీల్లో, మోడరన్ బృందాల్లో, బ్రాడ్‌వే సంగీత నాటకాల్లో, బడుల్లో కనిపిస్తారు. దీన్ని ఓటమిగా చూడడం మాత్రం సమంజసం కాదు. ఒక దేశంలో బ్యాలే బతకాలంటే పదిమంది తారలు చాలరు. ఊరూరా సరిగ్గా నేర్పే టీచర్లు కావాలి, గాయాన్ని పసిగట్టే ఫిజియోథెరపిస్టులు కావాలి, చూసి రాయగల విమర్శకులు కావాలి. వీళ్లెవరూ ఎనిమిదో ఏట కంపెనీ బడిలో చేరి తయారయ్యేవాళ్లు కారు.

దారి అటునుంచి కూడా తెరుచుకుంది. కాలిఫోర్నియాలోని సెయింట్ మేరీస్ కాలేజీ 1999లో లీప్ అనే పేరుతో ఒక డిగ్రీ కోర్సు మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లకే కంపెనీలో చేరి చదువు వదిలేసిన వృత్తి నర్తకుల కోసమే అది. రిహార్సళ్లకు అడ్డురాని వేళల్లో తరగతులు నడుపుతారు. వేదిక మీద గడిపిన ఏళ్లకు కొంత విద్యా విలువ కడతారు. ముప్పై అయిదేళ్లకు మోకాలు ఇక చాలన్నప్పుడు చేతిలో ఒక పట్టా ఉండడం ఎంత ధైర్యమో, ఆ ధైర్యం లేక వేదిక దిగిన పాత తరం వాళ్లను అడగాలి.

ఇక సియాటిల్ దగ్గరికి వద్దాం. అక్కడికి వెళ్లాలంటే ముందు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆగాలి.

పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ వ్లదీమిర్ స్తెపానోవ్ అనే యువ నర్తకుడు ఉండేవాడు. యూనివర్సిటీలో శరీరశాస్త్రం చదువుకున్నాడు. కీళ్ల కదలికలను సంగీతపు గుర్తుల వంటి గుర్తులతో రాసే లిపి ఒకటి తయారుచేసి, 1892లో పారిస్‌లో అచ్చువేయించాడు. నాలుగేళ్లకే, ముప్పై నిండకుండా, చనిపోయాడు. కానీ ఆ లిపిలో మరీన్‌స్కీ రంగశాలవారు స్వాన్ లేక్, స్లీపింగ్ బ్యూటీ, జిసెల్ వంటి ఎన్నో బ్యాలేలను రాయించి పెట్టారు. విప్లవం తర్వాత నికొలాయ్ సెర్గేయెవ్ అనే రంగ నిర్వాహకుడు ఆ కాగితాల పెట్టెలతో దేశం దాటాడు. 1930లలో లండన్‌లో వాటిని దగ్గర పెట్టుకుని ఆ బ్యాలేలను ఆడించాడు. ఆయన తర్వాత అవి చేతులు మారి 1969లో హార్వర్డ్ యూనివర్సిటీ గ్రంథాలయానికి చేరాయి. 1999లో మరీన్‌స్కీ వాళ్లు స్లీపింగ్ బ్యూటీని పాత రూపంలో మళ్లీ కట్టాలనుకున్నప్పుడు, తమ ఇంటి సొత్తు కోసం అమెరికాలోని ఆ విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించాల్సి వచ్చింది.

2011లో పసిఫిక్ నార్త్‌వెస్ట్ బ్యాలే, అంటే యూటా విద్యార్థి స్టొవెల్ పెంచి పెద్దచేసిన కంపెనీ, జిసెల్‌ను కొత్తగా చేపట్టింది. అప్పటికి స్టొవెల్ దంపతులు విరమించారు, పీటర్ బోల్ దర్శకుడు. ఆయన ఇద్దరు పరిశోధకులను పిలిచాడు. ఒకరు స్తెపానోవ్ లిపి చదవగల డగ్ ఫుల్లింగ్టన్. రెండోవారు ఆరెగన్ యూనివర్సిటీలో సంగీత చరిత్ర చెప్పే మేరియన్ స్మిత్. జిసెల్ 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడిన బ్యాలే. తరాలు మారేకొద్దీ అందులో చేతులతో, ముఖంతో కథ చెప్పే ఘట్టాలు కుదించుకుపోయాయి. జిసెల్ తల్లి కూతురికి విల్లీల గురించి చెప్పే హెచ్చరిక అలాంటిది. పెళ్లికి ముందే చనిపోయిన కన్యల ఆత్మలు అర్ధరాత్రి మగవాళ్లను చచ్చేదాకా ఆడిస్తాయని ఆమె మాటల్లేకుండా చెబుతుంది. పరిశోధకులు హార్వర్డ్‌లోని లిపినీ, పందొమ్మిదో శతాబ్దపు రాతప్రతులనూ సంగీతంతో బారు బారుకూ సరిచూసి, ఏ స్వరం మీద ఏ సైగ పడాలో తేల్చారు. నర్తకులు ఆ ప్రకారం రిహార్సల్ చేశారు. ఆ ఏడాది జూన్‌లో సియాటిల్ ప్రేక్షకుల ముందు తల్లి పాత్రధారిణి రంగం మధ్యకు వచ్చి, ఆ కథను మొదటి నుంచి చివరిదాకా చేతులతో చెప్పింది.